పోచవ్వ అన్‌ఫిట్ కాదు

(పదమూడో వారం)

మధ్యలో వచ్చి కలిసినవాళ్లు తడుముకోకుండా జరిగింది ముందు చెప్పుకుందాం. మేడి పోచవ్వ శ్రీరాంపూర్ బొగ్గుబాయి మీద ల్యాంప్‌రూమ్‌లో పనిచేస్తుంది. బాయిలోకి దిగేవాళ్లు నెత్తికి పెట్టుకునే లైట్లను షిఫ్టు షిఫ్టుకూ చూసి చేతికివ్వడం, వాళ్లు పైకొచ్చాక తీసుకుని చార్జింగ్‌కు పెట్టడం ఆమె పని. వయసు యాభై మూడు. పద్నాలుగేళ్ల కింద బాయిలో పైకప్పు కూలి మొగుడు బుచ్చిరాములు పోతే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఇప్పుడు మెడికల్ బోర్డు ఆమెను 'అన్‌ఫిట్' అని రాస్తే, వారసుడిగా కొడుకు ప్రేమ్‌సాగర్‌కు కంపెనీలో ఉద్యోగం వస్తుంది.

దరఖాస్తు పెట్టించినవాడు భానుప్రసాద్. మూడు జెండాలు మార్చి, ఇప్పుడు ఏ జెండా లేకుండా పైరవీల మీద బతికే మనిషి. "ఒంట్ల కొవ్వు ఎంతుంటే అంత మంచిదక్కా, బోర్డు దాకా తగ్గకు" అని రెండేళ్లు ఆమె చెవిలో పోరినవాడూ అతనే. రెండేళ్లు వింది. తర్వాత వినడం మానేసింది. తొమ్మిది నెలలుగా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బరువు తగ్గుతూ వచ్చింది. పోయిన వారం ఆ సంగతి బయటపడింది. బోర్డుకు ఇంకా నాలుగు రోజులుంది. ఆదివారం పొద్దున నడకకు పోయి తిరిగొచ్చేసరికి, నస్పూర్ కాలనీలో ఆమె క్వార్టర్ ముందు భానుప్రసాద్ మోటార్‌సైకిల్ నిలబడి ఉంది.

లోపలికి అడుగు పెట్టగానే మాంసం కూర వాసన ముఖాన కొట్టింది.

వంటగదిలో కోడలు కోమల చెమటలు కక్కుతూ పూరీలు వత్తుతోంది. పొయ్యి మీద బోటి ఉడుకుతోంది. పక్కన పెద్ద గిన్నెలో మేక మాంసం, చిన్న గిన్నెలో మేక లివర్‌తో కార్జం వేపుడు. గోడ వారన ప్లాస్టిక్ డబ్బాలో కల్లు, దాని పక్కన రెండు పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు. ముందు గదిలో ఫ్యాన్ కింది కుర్చీలో భానుప్రసాద్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ప్రేమ్‌సాగర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముప్పై ఒక్కేళ్లవాడు. కంట్రాక్టరు దగ్గర బొగ్గు టిప్పర్ నడుపుతాడు. చొక్కా గుండీలు పొట్ట మీద గుంజుకుని ఉన్నాయి.

"రా అక్కా, కూసో" అన్నాడు భానుప్రసాద్. "నీ ఇంట్ల నేను నిన్ను కూసోమనుడేంది గని."

"ఏంది గీ పండుగ?"

"నాలుగు రోజులు. గంతే. నాలుగు రోజులు కడుపునిండ తిను. బుధవారం రాత్రి బోటి, కల్లు. గురువారం పొద్దుగాల నాలుగు పూరీలు లాగించి బోర్డుకు పో. 'ఏమన్న తిన్నవా' అని అడుగుతరు. 'మంచినీళ్లు సుత తాగలే' అను. నెత్తురు తీస్తే కొవ్వు గుర్రం లెక్క దుంకుతది."

ఇది కాలనీలో పాత విద్య. బీపీ ఎక్కాలని ఉప్పునీళ్లు తాగినవాళ్లున్నారు. చూపు పోయిందని చూపించడానికి కనబడే అక్షరాన్ని కనబడలేదన్నవాళ్లున్నారు. చెవుడు నటించి, నటించి, ఇంటికొచ్చాక కూడా పెళ్లాం పిలిస్తే పలకడం మరిచిపోయినవాళ్లున్నారు. ఏసీ గదుల్లో కూర్చుని వాళ్లను చూసి ఛీ అనేవాళ్ల నోళ్లు ముందు మూతపడాలి. ఈ నేల మీద ఒక బిడ్డకు పర్మనెంట్ ఉద్యోగం రావాలంటే ఒక తండ్రో తల్లో చావాలి, లేకపోతే పనికిరాకుండా పోవాలి. ఆ లెక్క రాసింది కార్మికుడు కాదు. రాసిన లెక్కలో బతకడానికి కార్మికుడు తంటాలు పడతాడు.

పోచవ్వ ఆ తంటాలు రెండేళ్లు పడింది. సిగ్గులేకుండా ఒప్పుకునేది కూడా. ల్యాంప్‌రూమ్‌లో షిఫ్టుకు ఏడు చాయలు, ప్రతి చాయలో రెండు చెంచాల చక్కెర. రాత్రికి ఇంత ఎత్తున అన్నం. వేసవిలో మాపటిపూట కల్లు. ఎనభై ఆరు కిలోల మనిషి తొంభై నాలుగు అయింది. బాయి మీద ఆడామగా అందరూ "డోజర్ వచ్చింది, తోవ ఇడువుండ్రి" అంటే తనూ నవ్వింది. కొడుకు ఉద్యోగం కదా, నవ్వక ఏం చేస్తుంది?

నవ్వు ఆగిపోయింది దవాఖానలోనే. ఏటేటా చేసే పరీక్షల్లో డాక్టర్ రచన ఆమెను పక్కకు పిలిచింది. కరీంనగర్ పిల్ల, మాటలో దాపరికం లేదు.

"పోచవ్వా, నీ లివర్‌కు కొవ్వు పట్టింది. రెండో గ్రేడు. నెత్తుర్ల ట్రైగ్లిజరైడ్లు మూడు వందల నలభై. నూట యాభై లోపు ఉండాలె. లివర్ దెబ్బ చెప్పే నెంబరు ఎస్‌జీపీటీ తొంభై ఆరు. నలభై దాటొద్దు."

"కల్లు బంద్ చేసి ఆర్నెల్లాయె డాక్టరమ్మా, లివర్ ఎందుకు ఖరాబైతది?"

కాలనీలో అందరికీ తెలిసింది అంతే. లివర్ పోయిందంటే తాగుబోతు. తాగనివాళ్లకు లివర్ జబ్బంటే "దొంగతనంగ తాగుతదేమో" అని గుసగుస. డాక్టర్ రచన తల అడ్డంగా ఊపింది. "తాగనోళ్లకూ వస్తది. తిన్నది ఖర్చు కాకుంటే ఎక్కడో ఒకకాడ నిల్వ పడాలె కద. పొట్టల పడ్డంత పడి, మిగిలింది లివర్ల పడతది. లివర్ మళ్ల దాన్ని నెత్తుర్లకు తోస్తది."

పోచవ్వకు అది బాయి భాషలో అర్థమైంది. బంకర్. బొగ్గు వచ్చి పడే బంకర్ నిండితే దాన్ని మోసుకొచ్చే బెల్టు ఆగుతుంది, బొగ్గు కింద కారిపోతుంది, ఆఖరుకు బంకర్ గోడలే పగులుతాయి. తన ఒంట్లో బంకర్‌ను రెండేళ్లుగా తనే నింపింది. ఎవడి మాట మీద? భానుప్రసాద్ మాట మీద.

"నొప్పి లేదు కద డాక్టరమ్మా?"

"నొప్పి రాదు. లివర్ ఏడ్వదు. మస్తు ఆలస్యంగ ఏడుస్తది."

ఆ రోజు నుంచి మొదలైంది. మొదటి వారం పోచవ్వ అడ్డగోలుగా చేసింది. ఐదు రోజులు మజ్జిగ మీద ఉండి కళ్లు తిరిగి ల్యాంప్‌రూమ్‌లో పడబోయింది. డాక్టర్ రచన తిట్టిన తిట్టు ఇప్పటికీ గుర్తు. "ఉపాసాలు పడితే ఒంట్ల కొవ్వంత ఒక్కసారి లివర్ మీద పడతది, పిత్తాశయంల రాళ్లు సుత వస్తయ్. నీకేం రైలు పోతున్నదా? నెలకు కిలో, కిలోన్నర. నూటికి పది వంతుల బరువు తగ్గు. మిగిలింది లివరే చూసుకుంటది." అప్పుడు దారిలో పడింది. పొద్దున జొన్నరవ్వతో వండిన గటక, రాత్రి జొన్నరొట్టె, మధ్యాహ్నం ఒక్క పూటే పిడికెడు అన్నం. చాయ రెండుసార్లు, చక్కెర లేకుండా. మొదటి చాయ తాగినప్పుడు ఎవరి పాపం తాగుతున్నానో అనిపించిందట. షిఫ్టు దిగాక ఆటో ఎక్కకుండా నస్పూర్ దాకా నడక.

తొంభై నాలుగు ఎనభై మూడు అయింది. ట్రైగ్లిజరైడ్లు నూట యాభై ఎనిమిదికి పడ్డాయి. చెడ్డ కొలెస్ట్రాల్ నూట నలభై ఆరు నుంచి నూట ఇరవై తొమ్మిదికి దిగింది. మంచిది మాత్రం మూలుగుతూ ముక్కుతూ నాలుగు పాయింట్లే ఎక్కింది. ఎస్‌జీపీటీ ముప్పై ఎనిమిది. స్కానింగ్‌లో లివర్ మొదటి గ్రేడుకు వచ్చింది. ఒక్క మాత్ర లివర్ కోసం మింగలేదు. ఆమె చేసిందల్లా ఆ పదకొండు కిలోలు దింపడమే.

ఆ పదకొండు కిలోలనే ఇప్పుడు నాలుగు రోజుల్లో తిరిగి ఎక్కించుకొమ్మంటున్నారు.

"తిను అవ్వా" అన్నాడు ప్రేమ్‌సాగర్. "నాలుగు రోజులు తింటే ఏమైతది? నాలుగు రోజుల తర్వాత మళ్ల నడుసుకో. నేను నీ ఎంట నడుస్త."

పోచవ్వ వంటగదిలోకి వెళ్లి, పొద్దున చేసి పెట్టుకున్న జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చుకుని నేల మీద కూర్చుంది. అందరూ చూస్తుండగా రొట్టె తుంచింది.

"తింటున్న కద."

"అవ్వా, పరేషాన్ చెయ్యకు. పద్నాలుగు గంటలు టిప్పర్ తోలుత. పండుగ లేదు, జ్వరం లేదు. టైరు పగిలితే నా జీతంల కోత. నాకు వయసు దాటితే నువ్వు మంచం పట్టినా నౌకరి రాదు. నువ్వు రిటైరైతే గీ క్వార్టర్ సుత పోతది. యాడ ఉందాం?"

అబద్ధం ఒక్కటి లేదు అందులో. అందుకే ఆమె తుంచిన రొట్టె ముక్కను మళ్లీ కంచంలో పెట్టేసింది. నీళ్లు తాగి, కొడుకును కాకుండా భానుప్రసాద్‌ను చూసింది.

"తమ్మీ, నిన్నొకటి అడుగుత, సక్కగ చెప్పు. కొవ్వు చూసి అన్‌ఫిట్ రాస్తరా?"

"రాయకపోతే నేనెందుకు చెప్త?"

"నేను డాక్టరమ్మను అడిగిన. ఒక్క కొవ్వు చూసి ఎవ్వరు రాయరన్నది. కార్జం మొత్తం గట్టిపడి, కడుపుల నీళ్లు చేరి, కండ్లు పచ్చగైన్నాడు రాస్తరట. గప్పుడు రాస్తే గా కాగితం నా కొడుకు నౌకరికీ పనికొస్తది, నా దినాలకూ పనికొస్తది."

"డాక్టర్లు గట్లనే అంటరు అక్కా. బోర్డు ముచ్చట వేరే ఉంటది."

"రెండేండ్లు నన్ను కొవ్వబెట్టినవ్. జాతరకు పొట్టేలును సాదినట్టు సాదినవ్. పొట్టేలుకన్న తెల్వదు తమ్మీ. నాకు తెలిసింది."

వంటగదిలో కోమల పూరీలు వత్తడం ఆపేసింది.

భానుప్రసాద్‌కు కోపం రాలేదు. కోపం వచ్చే మనిషైతే ఈ పనిలో ఇన్నేళ్లు నిలవడు. తాపీగా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆమె ముందు నేల మీద పరిచాడు.

"సరే. తినకు. నువ్వు తినవని నాకు ముందే డౌటున్నది. నీ మంచి కాగితాలు నువ్వే దాసుకో. బోర్డు ఫైల్లకు పోయింది గిది. గిది నకలు."

పోచవ్వ కాగితం అందుకుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషి. కానీ ఈ తొమ్మిది నెలల్లో ఈ కాగితాలు చదవడం ఆమెకు లైట్ల నంబర్లు చదివినంత తేలికైంది. పైన పేరు మేడి పోచవ్వ. స్త్రీ, యాభై మూడు. ట్రైగ్లిజరైడ్లు ఆరు వందల పన్నెండు. ఎస్‌జీపీటీ నూట నలభై మూడు. షుగరు నూట ఇరవై ఎనిమిది. తన ఒంట్లో ఎన్నడూ లేని నంబర్లు. కళ్లు కిందికి జారాయి. అన్నిటికన్నా కింద, ఎవరూ చూడని చోట, బ్లడ్ గ్రూపు ఉంది.

బి పాజిటివ్.

పోచవ్వది ఓ పాజిటివ్. బి పాజిటివ్ ఎవరిదో ఆమెకు తెలుసు. పైకప్పు కూలిన రోజు బుచ్చిరాములును దవాఖానకు తెచ్చాక మైకులో అరిచిన మాట అదే. బి పాజిటివ్ కావాలె, ఉన్నోళ్లు తొందరగ రావాలె. ఆమె కాలనీ అంతా తిరిగి తలుపులు కొట్టింది. అప్పుడు పదిహేడేళ్ల పిల్లవాడొకడు దవాఖాన వరండాలో చేయి చాపి నిలబడ్డాడు. "మా బాపుది, నాది ఒకటే. నాది గుంజుకోండ్రి" అని. వయసు చాలదని వాణ్ని పక్కకు తోశారు. వాడు గంటసేపు ఆ చేయి దించలేదు.

పోచవ్వ కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

"గిది ఎవరి నెత్తురు?"

"ఎవరిదైతే ఏంది? పేరు నీది. కాగితం పక్కా" అన్నాడు భానుప్రసాద్.

"ఎవరి నెత్తురు అని అడుగుతున్న."

వంటగది గుమ్మంలో నుంచి కోమల అంది, పిండి చేతులు పైటకు తుడుచుకుంటూ:

"అత్తమ్మా, పోయిన బుధవారం పొద్దుగాల ఆయన మోచేతికి దూది అదిమి పట్టుకుని వచ్చిండు. ఏందంటే రక్తదానం అన్నడు. దేశసేవ అన్నడు."

"ఏయ్, నువ్వు లోపటికి పో!" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"ఎందుకు పోవాలె? పొయ్యి కాడ నేనే, మాట పడేది నేనే, లోపటికి పోయేది నేనేనా?"

పోచవ్వ లేచి నిలబడింది. "నువ్విచ్చినవా?"

"ఇచ్చిన" అన్నాడు ప్రేమ్‌సాగర్. దాచే ఓపిక పోయింది వాడికి. "నువ్వు తగ్గుతున్నవని తెలిసినంక ఏం చెయ్యాలె? అన్న వాళ్లింటికి రమ్మన్నడు. కంపౌండర్ వచ్చి తీసిండు. మంచిర్యాల ల్యాబుకు సీసా పోయింది, మనిషి పోలే. నెంబర్లు అన్న పెంచి రాయిస్తడు, నాదైతే ఏంది, ఎవరిదైతే ఏంది?"

పోచవ్వ భానుప్రసాద్ వైపు తిరిగింది. "నెంబర్లు నువ్వు పెంచినవా?"

ఆ ప్రశ్నలో ఏముందో అతనికి అర్థం కాలేదు. అర్థమైతే అబద్ధం చెప్పేవాడు. పనితనం మీద మాట పడినట్టుగా అతను చేతులూపాడు.

"ల్యాబోళ్లు గసొంటియి చెయ్యరక్కా, వాళ్లకు తెల్వదు సుత. సీసాల ఏమున్నదో గదే రాస్తరు. నేను జర దిమాఖ్ వాడిన గంతే. కొడుకు నీ కంటె దొడ్డుగున్నడు, నెత్తురు సుత నీ కంటె చిక్కగనే ఉంటదని..."

మాట మధ్యలోనే ఆగాడు. ముగ్గురూ తనను చూస్తున్నారు.

ప్రేమ్‌సాగర్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "పెంచలేదా అన్నా?"

"పెంచే అవసరమే రాలే తమ్మీ."

బోటి అడుగంటుతున్న వాసన వచ్చింది. కోమల కదల్లేదు.

"ముందటి రాత్రి ఏం తిన్నవ్?" అడిగింది పోచవ్వ. గొంతు మామూలుగానే ఉంది, ల్యాంప్‌రూమ్ కిటికీలోంచి నంబరు అడిగినట్టే.

"బిర్యానీ. కార్జం. పొద్దుగాల పరోటా. అన్న తినమన్నడు."

"ఆరు వందలల్ల బిర్యానీది కొంత ఉంటది. కొవ్వు తిన్న పూటకు దుంకుతది, దిగుతది." ఆమె కాగితం మీద వేలు పెట్టింది. "నూట నలభై మూడు. గిది చూసినవా? గిది ఒక్క రాత్రి బిర్యానీకి దుంకదు కొడుకా. గిది లివర్ నెంబరు. నాకు తొంభై ఆరుకే డాక్టరమ్మ కుర్చీల కూసోబెట్టి చెప్పింది."

"నాకేం కాలే. నేను మంచిగనే ఉన్న. టిప్పర్ తోలుతున్న, తింటున్న, పంటున్న."

"లివర్ ఏడ్వదు బిడ్డా."

భానుప్రసాద్ లేచి చొక్కా సర్దుకున్నాడు. వాతావరణం చెడిందని పసిగట్టడంలో అతన్ని మించినవాడు లేడు. అయినా పోతూ పోతూ కాటు వేయకుండా పోలేదు.

"అక్కా, ఒకటి యాదుంచుకో. గురువారం బోర్డుల మళ్ల నెత్తురు తీస్తరు. నీది నూట యాభై వస్తది, ఫైల్ల ఆరు వందలుంటది. గిదెట్ల అంటరు. ఎంక్వైరీ అంటరు. దొంగ నెత్తురు ఇచ్చింది ఎవరని చూస్తరు. నేనైతే ఇయ్యలే. అందుకే చెప్తున్న, తిను. నీ నెంబరు జర పైకి లేస్తే ఎవ్వరు అడగరు. నీ కోసం కాదు, నీ కొడుకు కోసం తిను."

తల్లి మెడకు వేసే ఉచ్చు ఎప్పుడూ బిడ్డ పేరుతోనే అల్లుతారు. కాలనీలో ఆ ఉచ్చులో తల పెట్టని ఆడది లేదు. పోచవ్వ రెండేళ్లు పెట్టింది.

ఆమె వంటగదిలోకి వెళ్లి, రెండు పాతగుడ్డలతో మాంసం గిన్నెను చెవులు పట్టి ఎత్తింది. ఆవిర్లు కక్కుతున్న గిన్నెను వాకిట్లోకి మోసుకెళ్లి, అతని మోటార్‌సైకిల్ సీటు మీద పెట్టింది. మళ్లీ లోపలికొచ్చి కల్లు డబ్బా తీసుకెళ్లి హ్యాండిల్‌కు తగిలించింది.

"ఏంది అక్కా గిది?"

"నీ కూర నువ్వు తీస్కపో. నీ ఇంట్ల ఎవరన్న అన్‌ఫిట్ కావాల్నంటే తినిపియ్యి."

ఎదురు క్వార్టర్ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్న ముసలామె పకపకా నవ్వింది. "కార్జం మర్చిపోయినవ్ గదనే! అదే అసలు ముక్క!" అని అరిచింది. పక్క వాకిళ్లలో తలలు లేచాయి. భానుప్రసాద్ గిన్నె దించడానికి చూసి, వేళ్లు కాలి, చేయి విదిలించుకున్నాడు. ఆఖరుకు గిన్నెను కాలితో నేల మీదికి నెట్టి, కూర చిందిన సీటు మీదే కూర్చుని బండి తీశాడు. కల్లు డబ్బా హ్యాండిల్‌కు ఊగుతూ పోయింది. వీధి మలుపు దాకా ఆ నవ్వులు అతని వెంట పోయాయి.

లోపల ఎవరూ నవ్వలేదు.

ప్రేమ్‌సాగర్ అతను ఖాళీ చేసిన కుర్చీలో కూలబడ్డాడు. కోమల పొయ్యి ఆర్పేసి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. ఆ కాగితం పోచవ్వ చేతిలోనే ఉంది. దాని మీద తన పేరు. ఆ పేరు కింద తన కొడుకు ఒళ్లు.

"నౌకరి పోగొట్టినవ్ అవ్వా" అన్నాడు వాడు నేల చూస్తూ. "నడుసుకుంట నడుసుకుంట నా నౌకరి పోగొట్టినవ్."

"పోగొట్టిన. పోగొట్టిన అనుకో. నీ నౌకరి కోసం నేను సావాల్నా? చెప్పు, గట్టిగ చెప్పు. మీ బాపు సస్తే నాకొచ్చింది. నేను సస్తే నీకు రావాలె. రేపు నువ్వు సస్తే ఎవనికి ఇస్తవ్? నేను మంచిగుంట. నేను ఎనభై మూడు కిలోలుంట, డెబ్బై ఎనిమిది అయిత. నన్ను అన్‌ఫిట్ అనేటోడు ఇంక పుట్టలే. నీకు నౌకరి కావాల్నంటే ఇంకో తొవ్వ కొట్లాడుదాం, నీ ఎంబడి నేనొస్త. నా కార్జం ఇయ్య." ఊపిరి తీసుకుంది. "అన్నీ వదిలిపెట్టు. నాకు అన్‌ఫిట్ వచ్చిందే అనుకో. నిన్ను నౌకర్ల తీసుకునే ముందర నీ నెత్తురు చూడరా? నిన్ను తూకం వెయ్యరా? గీ నూట నలభై మూడే కద వాళ్లకు కనబడేది?"

వాడు ఆ సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదని మొహం చూస్తేనే తెలిసింది. ఇన్నాళ్లుగా ఇంట్లో అందరూ ఆమె జబ్బు కోసం ఎదురుచూశారు. ఇంట్లో ఇంకో ఒళ్లుందని ఎవరికీ తట్టలేదు. పద్నాలుగు గంటలు సీటులో కూర్చుని, ఎక్కడ ఆగితే అక్కడ బజ్జీలు, పరోటాలు, నిద్ర ఆపుకోవడానికి లీటరు లీటరు కూల్‌డ్రింకులు. ఆ ఒంటిని ఏ బోర్డూ చూడలేదు, ఏటేటా పరీక్ష చేయించే కంట్రాక్టరు పుట్టలేదు. దొంగ కాగితం కోసం తీస్తే తప్ప దాని నెత్తురు బయటికి రాలేదు.

ప్రేమ్‌సాగర్ కుడి డొక్క మీద చేయి పెట్టుకున్నాడు. అడిగిన గొంతు ముప్పై ఒక్కేళ్లవాడిది కాదు.

"అవ్వా. కుడిపక్క, డొక్కల కింద, మస్తు దినాల సంది బరువుగ ఉంటది. స్టీరింగ్ మీదికి వంగితే ఏదో అడ్డం పడ్డట్టు. సీటు పాతగైంది, గందుకే అనుకున్న. గది గిదేనా?"

"ఏమో కొడుకా. నేను డాక్టర్ను కాదు." పోచవ్వ వాడి పక్కన నేల మీద కూర్చుంది. "రేపు పొద్దుగాల ఏం తినకుండ నా ఎంట దవాఖానకు రా. నీ పేరు మీద నీ నెత్తురు ఇయ్యి. ఎక్కిన కొవ్వు దిగుతది, నేను దించిన కద. కని ఎంత లోపటికి పోయిందో ముందు చూడాలె."

"మరి గురువారం?"

"బోర్డు ముందర నిలబడత. నా నెత్తురు తీసుకోమంట. ఫైల్ల ఉన్నది నాది కాదని చెప్త."

"ఎవరిదని అడిగితే?"

"అబద్ధం ఆడను."

"కేసయితది అవ్వా!"

"తానే పోయి ఒప్పుకున్నోన్ని ఒక తీరుగ చూస్తరు. పట్టుబడ్డోన్ని ఇంకో తీరుగ చూస్తరు. నిన్ను పంపినోని పేరు సుత చెప్పు, నేను పక్కన ఉంట."

"నేను సుత వస్త అత్తమ్మా" అంది కోమల. "దూది ముచ్చట నేను చెప్త. దేశసేవ ముచ్చట సుత చెప్త."

"నాలుగు రోజులున్నయ్" అంది పోచవ్వ. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

ప్రేమ్‌సాగర్ లేచాడు. తల్లి చేతిలోని కాగితం గుంజుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. మేకుకున్న బండి తాళం తీశాడు.

"ఏడికి?" అంది కోమల.

బండి వాకిలి దాటింది. ఎడమకు తిరిగితే దవాఖాన. కుడికి తిరిగితే భానుప్రసాద్ పోయిన తోవ. బండి కుడికి తిరిగింది.

కొట్టడానికి పోయాడో, కాళ్లు పట్టుకోవడానికి పోయాడో. రెండింటికీ సరిపోయే కొడుకే వాడు. కొడితే జైలు. కాళ్లు పట్టుకుంటే వాడి నెత్తురు ఆ మనిషి చేతిలో ఎప్పటికీ తాకట్టు. పోచవ్వ కొంగు నడుముకు బిగించి వాకిట్లోకి దూకింది.

"అత్తమ్మా, చెప్పులు!" అని అరిచింది కోమల.

మలుపు దగ్గర నీళ్ల ట్యాంకు దాటి, పోచవ్వ అప్పటికే ఉరుకుతోంది.